నాళం ద్వారా చేరేదీ అన్నమే



సత్సంగాలలో, ప్రవచనానంతర ప్రశ్నోత్తరాలలో ఇటీవల ఒకే ప్రశ్న పలు రూపాలలో వినవస్తున్నది. "మా అమ్మగారు ఐసీయూలో ఉన్నారు. వెంటిలేటర్ పెట్టారు. ముక్కులో గొట్టం వేసి ఆహారం పోస్తామంటున్నారు. ఆవిడ జన్మంతా మడీ ఆచారమూ తప్పని మనిషి. సమ్మతించవచ్చునా?" అడిగేవారి వేదన నాకు తెలియనిది కాదు. ఎట్లా తెలుసునో ఈ వ్యాసంలోనే చెబుతాను. కాని ఆ ప్రశ్నకు పెద్దలనబడేవారు కొందరు ఇస్తున్న సమాధానాలు విన్న తరువాత మౌనం వహించడం ధర్మం కాదనిపించింది.

ఆ సమాధానాలు స్థూలంగా ఐదు. ఒకటి: జిహ్వకు తగలనిది అన్నమే కాదు, అది కేవలం రసాయనం. రెండు: బజారు పొడి కలిపి పోసేది అపవిత్రం, ఆచారవంతులకు పనికిరాదు. మూడు: దేహం మిథ్య, అన్నమయకోశాన్ని పట్టుకొని వ్రేలాడడం అవివేకం. నాలుగు: నిరాహారంగా ప్రాణం విడవడం ప్రాయోపవేశం, మహాపుణ్యం. ఐదవది వీటన్నిటికీ విరుద్ధం: ఒకసారి నాళం వేసిన తరువాత చివరి శ్వాస వరకు తీయరాదు, తీస్తే తల్లిదండ్రులను ఆకలితో చంపిన పాపం.

ఈ ఐదింటికీ మూలం ఒకే అజ్ఞానమని నా పక్షం. అన్నమంటే ఏమిటో, అది ఎవరికి ఎప్పుడు అవసరమో విచారించకుండా శాస్త్రవాక్యాలను ఆసుపత్రి వరండాలో వెదజల్లడమే ఆ అజ్ఞానం. ఒక్కొక్క పక్షాన్ని వరుసగా పరిశీలిద్దాం.

వస్తుస్థితి

పదార్థం తెలియకుండా ధర్మనిర్ణయం కుదరదు. వెంటిలేటర్ గొట్టం నోటి గుండా శ్వాసనాళంలోకి పోతుంది. అది ఉన్నంతకాలం రోగి మ్రింగలేడు, మాట్లాడలేడు. తరచుగా నిద్రమందు ప్రభావంలో ఉంటాడు. అయినా అనేకులలో జీర్ణాశయమూ ప్రేగులూ పనిచేస్తూనే ఉంటాయి. అందువల్ల ముక్కు గుండా సన్నని, మెత్తని నాళాన్ని అన్నవాహిక ద్వారా జీర్ణాశయంలోకి దింపి, దాని గుండా ద్రవాహారాన్ని పంపుతారు. మన ఆసుపత్రులలో దీనిని రైల్స్ ట్యూబ్ అంటారు. జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అనే బ్రిటిష్ వైద్యుని పేరు మీద వచ్చిన మాట అది. నెలల తరబడి అవసరమైతే ఉదరభిత్తి గుండా నేరుగా జీర్ణాశయంలోకి అమర్చే నాళాన్ని 'పెగ్' అంటారు. ఎండోస్కోప్ సాయంతో దానిని అమర్చే విధానం 1980లో వైద్యలోకానికి వెల్లడైంది.

బంధువులలో బలంగా ఉన్న భ్రాంతి మరొకటి: "సెలైన్ ఎక్కుతున్నది కదా, మళ్ళీ ఆహారమెందుకు?" సాధారణ సెలైన్ అంటే ఉప్పునీరు. అందులో శక్తి శూన్యం. ఐదు శాతం డెక్స్‌ట్రోస్ సీసా లీటరులో ఉండేది 50 గ్రాముల చక్కెర. దానివల్ల లభించేది సుమారు 170 కేలరీలు. అరవై కిలోల మనిషికి స్థితి కుదుటపడిన తరువాత కిలోకు 25 చొప్పున రోజుకు 1500 కేలరీలు కావాలని అంచనా. ఆ చక్కెరనీటితోనే ఇది తీరాలంటే రోజుకు దాదాపు తొమ్మిది లీటర్లు ఎక్కించాలి. అంత నీరు రోగిని ముంచివేస్తుంది. పైగా అందులో మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడా లేవు. అదే కాలంలో వ్యాధి దేహంలోని కండను కరిగిస్తూ ఉంటుంది. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 63 మంది తీవ్రరోగుల తొడకండరాన్ని కొలిచారు. పది రోజులలో ఆ కండరం వైశాల్యం సుమారు 18 శాతం తగ్గింది. ఆహారం ఒక్కటే ఈ క్షయాన్ని ఆపజాలదు. కాని ఆహారమే లేకుంటే తిరిగి కట్టుకోవడానికి దేహానికి ఇటుకలే ఉండవు.

ఇది వస్తుస్థితి. ఇక పూర్వపక్షాలు.

జిహ్వకు తగలనిది అన్నం కాదా?

ఈ మాట అనేవారు గీతలోని పురుషోత్తమప్రాప్తి యోగాన్ని పారాయణ చేసినవారే. అక్కడ భగవానుడు తాను వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహాన్ని ఆశ్రయించి, ప్రాణాపానాలతో కూడి, చతుర్విధాన్నాన్ని పచనం చేస్తున్నానని ప్రకటించాడు. ఆ అగ్ని స్థానం జఠరం. రుచి జిహ్వది, పచనం జఠరానిది. రుచి లేనంతమాత్రాన ఆహుతి ఆహుతి కాకుండా పోతుందా? జ్వరపడి నాలుక చేదెక్కినవాడు తినే పథ్యం అన్నం కాదా?

ఇంకా మౌలికమైన దృష్టాంతం ఉన్నది. ఈ వ్యాసం చదువుతున్న ప్రతి ఒక్కరూ మాతృగర్భంలో తొమ్మిది నెలలు నోటితో ఒక్క ముద్ద తినకుండానే పెరిగారు. తల్లి తిన్నదాని సారం నాభినాళం ద్వారా అందింది. రుచి లేదు, నమలడం లేదు, పరిషేచనం లేదు. ఆ పోషణనే మన శాస్త్రాలు ఈశ్వరుని కరుణకు నిదర్శనంగా చెబుతాయి. జీవితారంభంలో నాళం ద్వారా అందినది దైవానుగ్రహమైతే, జీవితమధ్యంలో ఆపద వచ్చినప్పుడు నాళం ద్వారా అందేది కేవలం రసాయనం ఎట్లా అయింది? పంపే చేయి మారింది, అంతే. గర్భంలో తల్లి పోషించింది. ఇక్కడ ఎవరి బిడ్డో అయిన ఒక నర్సు, రాత్రి రెండు గంటలకు సిరింజి పట్టుకొని నిలబడి పోషిస్తున్నది.

అపవిత్రమని త్రోసిపుచ్చేవారికి

ఇక్కడ నా సొంత కథ చెప్పక తప్పదు. మా అమ్మకు డెబ్బై ఒకటవ ఏట ఉధృతమైన న్యుమోనియా వచ్చి వెంటిలేటర్ మీద పెట్టారు. ఆవిడ అరవై ఏళ్ళపాటు మడి కట్టుకొని వండిన అన్నమే తిన్నది. ఏకాదశులూ కార్తిక సోమవారాలూ ఉపవాసాలుండి మనిషి ముందే సన్నం. రెండవ రోజు ఉదయం వైద్యుడు వచ్చి, రక్తపోటు కుదుటపడిందనీ, నాళం ద్వారా ఆహారం మొదలుపెడతామనీ అన్నాడు. డబ్బాలో వచ్చే పొడి నీటిలో కలిపి ఇస్తారు. మా అన్నయ్య వల్ల కాదన్నాడు. "అమ్మ లేచాక ఏం సమాధానం చెబుతాం?" అన్నాడు. నేనూ తల ఊపాను. శాస్త్రాలు చదివినవాణ్ణని నా మాటకు ఇంట్లో విలువ ఉండేది. ఆ విలువను నేను ఆ రోజు తప్పుగా ఖర్చు చేశాను. వైద్యులు చెబుతూనే ఉన్నారు, మేము సంతకం పెట్టక ఐదు రోజులు గడిపాము.

ఆరవ రోజు ఒప్పుకొన్నాము. ఆహారం మొదలైన మరునాడే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయింది. దీర్ఘకాలం పస్తున్న దేహానికి హఠాత్తుగా ఆహారం అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాలలోకి వెళ్ళిపోతాయట. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసించవచ్చు. దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని మాకు అప్పుడు తెలిసింది. ఆహారాన్ని మళ్ళీ సగానికి తగ్గించి, ఫాస్ఫేట్ ఎక్కిస్తూ, చాలా మెల్లగా పెంచుకుంటూ వచ్చారు. వెంటిలేటర్ నుండి విడిపించడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఆలస్యానికి ఆ ఐదు రోజులే కారణమని నేను నిరూపించలేను. కారణం కాదని నాకు నేను నచ్చజెప్పుకోనూ లేను.

ఇంటికి వచ్చాక ఒకనాడు అమ్మకు జరిగినది చెప్పాము, మేమేదో ఆవిడ నియమాన్ని కాపాడినట్లుగా. ఆవిడ కాసేపు ఊరుకొని, "నా మడి కోసం నన్ను పస్తు పెట్టార్రా? నేను మడి కట్టుకున్నది నైవేద్యానికి. చావడానికి కాదు" అన్నది. ఏ భాష్యంలోనూ నాకు దొరకని సమాధానం అది.

శాస్త్రం మాత్రం ఏమంటున్నది? ఛాందోగ్యంలో ఉషస్తి చాక్రాయణుని ఉపాఖ్యానం ఉన్నది. కురుదేశం పంటలు నాశనమై క్షామంలో పడింది. ఆ బ్రహ్మవేత్త భార్యతో కూడ ఒక మావటివాని గ్రామం చేరి, అతడు తింటున్న కుల్మాషాలను, నీచధాన్యాన్ని, ఎంగిలిదే అని తెలిసి యాచించి తిన్నాడు. తరువాత ఆ మావటి నీరు ఇవ్వబోతే ఎంగిలి అని నిరాకరించాడు. మరి ఆ గింజలు ఎంగిలి కావా అని అతడు అడిగితే, అవి తినకుంటే తాను బ్రతికేవాణ్ణి కాననీ, నీరు మాత్రం తనకు కావలసినచోట దొరుకుతుందనీ బదులిచ్చాడు. మరునాడు మిగిలిన చద్దిగింజలనే తిని, రాజుగారి యజ్ఞానికి వెళ్ళి, అక్కడి ఋత్విక్కులనే ప్రశ్నించాడు. ఎంగిలి తిన్నందుకు అతని విద్య తరిగిపోలేదు.

బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయంలో సర్వాన్నానుమతి అనే అధికరణమే ఉన్నది. దాని నిర్ణయం సారాంశం: సర్వాన్నభక్షణకు అనుమతి యథేచ్ఛకు కాదు, ప్రాణాపాయంలో మాత్రమే. ఈ నిర్ణయానికి ఆధారంగా చూపేది ఈ ఉషస్తి కథనే. ఇందులో రెండు అంచులున్నాయి. ఆపదలో ఆహారనియమాన్ని అడ్డుపెట్టుకొని ప్రాణాన్ని పోగొట్టడం శాస్త్రసమ్మతం కాదు. ఆపద తీరిన తరువాత ఆ మినహాయింపును అలవాటుగా మార్చుకోవడమూ శాస్త్రసమ్మతం కాదు. రోగి నోటితో మ్రింగగలిగిన నాడు మడి మళ్ళీ వస్తుంది. అంతవరకు అది వంటింటి గూటిలో భద్రంగా ఉంటుంది.

ఒక లౌకిక విషయం కూడ చెప్పాలి. ఆ పొడులలో అధికభాగం పాల మాంసకృత్తులతో గాని సోయాతో గాని తయారైనవి. కొన్నింటిలో చేపనూనె ఉంటుంది. డబ్బా మీద శాకాహార చిహ్నం చూడవచ్చు, పోషకాహార నిపుణులను అడగవచ్చు, శాకాహార ఫార్ములా కోరవచ్చు. అడిగితే అవమానించేవారెవరూ లేరు. అడగకుండా నిరాకరించడమే మనం చేస్తున్న పని.

దేహం మిథ్య అనేవారికి

ఈ పక్షం వినడానికి ఉన్నతంగా ఉంటుంది కనుక ఇదే అన్నిటికంటె ప్రమాదకరం. తల్లి దేహానికి మిథ్యాత్వం బోధించి, క్రిందికి దిగి ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇడ్లీ తినే వేదాంతి ఏ సంప్రదాయానికి చెందినవాడో నాకు తెలియదు. దేహం మిథ్య అయితే నీ దేహమూ మిథ్యే. వ్యవహారదశలో నీకు ఆకలి సత్యమైతే ఆవిడకూ సత్యమే. అద్వైతం పారమార్థికంలో చెప్పేదాన్ని వ్యవహారంలో పరుల మీద మాత్రమే ప్రయోగించడం వేదాంతం కాదు, నిర్దయకు వేదాంతపు ముసుగు.

తైత్తిరీయ భృగువల్లిని క్రమంగా చదివినవారికి ఒక విషయం తెలుస్తుంది. భృగువు తపస్సు చేసి మొదట అన్నాన్నే బ్రహ్మంగా గ్రహించాడు. తండ్రి వరుణుడు మళ్ళీ తపస్సు చేయమన్నాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందానికి చేరాడు. మన ఉపన్యాసకులు అక్కడితో పుస్తకం మూసివేస్తారు. ఉపనిషత్తు అక్కడ ఆగలేదు. ఆనందాన్ని చెప్పిన తరువాత తిరిగి అన్నం దగ్గరకే వచ్చింది. అన్నాన్ని నిందించరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధి చేయాలి, వాకిట నిలిచినవానికి లేదనరాదు అని వ్రతాలుగా విధించింది. ఐదు కోశాలను దాటినవానికి కూడ మొదటి కోశాన్ని అవమానించే అధికారం ఇవ్వలేదు.

ఛాందోగ్యంలోనే మరొక ఘట్టం. ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదిహేను రోజులు ఆహారం మానమన్నాడు, నీరు మాత్రం ఇష్టం వచ్చినంత త్రాగమన్నాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే కుమారునికి ఒక్క ఋక్కు కూడ స్ఫురించలేదు. నీటివల్ల ప్రాణం నిలిచింది, అన్నం లేక మనస్సు ఆరిపోయింది. పెద్ద అగ్నిలో మిణుగురు పురుగంత నిప్పుకణం మిగిలినట్లు అతనిలో ఒక్క కళ మిగిలిందని తండ్రి వివరించాడు. ఆ కణాన్ని తృణాలతో రగిలిస్తే మళ్ళీ ప్రజ్వరిల్లినట్లు, భోజనం చేశాక వేదమంతా తిరిగి స్ఫురించింది.

ఈ కథను ఐసీయూ గుమ్మం దగ్గర స్మరించండి. సెలైన్ అంటే ఆ పదిహేను రోజుల నీరు. రెండవది, నిప్పుకణాన్ని రగిలించినది తృణాలు, మొద్దులు కావు. అల్పాగ్ని మీద మొద్దు వేస్తే ఆరిపోతుంది. మా అమ్మ విషయంలో వైద్యులు ఆహారాన్ని సగానికి తగ్గించినప్పుడు నాకు ఈ ఉపమానమే గుర్తుకు వచ్చింది, ఐదు రోజులు ఆలస్యంగా.

ప్రాయోపవేశమనే పేరు

పరీక్షిన్మహారాజు గంగాతీరంలో ప్రాయోపవిష్టుడైనాడు. నిజమే. ఆయనకు మరణం ఏడవ రోజున నిశ్చితం. ఆయన స్పృహలో ఉన్నాడు, స్వయంగా సంకల్పించాడు, రాజ్యభారాన్ని కుమారునికి అప్పగించాడు, ఏడు రోజులూ శుకమహర్షి ముఖతః భాగవతాన్ని శ్రవణం చేశాడు. ఈ అంశాలలో ఏ ఒక్కటైనా నిద్రమందులో ఉన్న న్యుమోనియా రోగికి ఉన్నదా? మరణం నిశ్చితం కాదు. సంకల్పం లేదు. శ్రవణం లేదు. ప్రాయోపవేశం స్వయంకర్తృకం. కొడుకు ప్రతినిధిగా ఉండి తల్లి చేత చేయించేది కాదు. కర్తకు సంకల్పం లేనిచోట వ్రతం లేదు. అది పస్తు మాత్రమే.

రామాయణ కిష్కింధాకాండలో అంగదాదులు కూడ సీతాదేవి జాడ దొరకక ప్రాయోపవేశానికి సిద్ధపడ్డారు. సంపాతి వచ్చి లంక జాడ చెప్పగానే లేచి సముద్రతీరానికి నడిచారు. ఆశ కనబడిన క్షణాన వ్రతాన్ని విడిచారు, దానిని ఎవరూ వ్రతభంగమని నిందించలేదు. వైద్యుడు కోలుకొనే అవకాశమున్నదని చెబుతున్నప్పుడు అతడే సంపాతి. అతని మాట వినకుండా దర్భలు పరుచుకొని కూర్చోవడం వానరుల పాటి వివేకం కూడ కాదు.

ఎంత, ఎప్పుడు

ఇంతవరకు చదివి కొందరు రెండవ అతికి పోతారు. "అయితే ఇంకా ఎక్కువ పోయండి, ఇంటినుంచి రాగిజావ తెస్తాం, బలం రావాలి" అంటారు. అదీ అజ్ఞానమే. ఊపిరితిత్తుల తీవ్రగాయంతో ఉన్న వెయ్యి మంది మీద అమెరికాలో జరిగి 2012లో ప్రచురితమైన ఈడెన్ పరిశోధనలో, మొదటి ఆరు రోజులు కొద్దికొద్దిగా ఆహారమిచ్చినవారికీ పూర్తి మోతాదు ఇచ్చినవారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ భేదం లేదు. ఫ్రాన్సులో వెంటిలేటర్ మీద, రక్తపోటు మందుల మీద ఉన్న 3044 మందిపై జరిగిన న్యూట్రీరియా-3 పరిశోధన 2023లో వెలువడింది. మొదటి వారం తక్కువ కేలరీలు, తక్కువ మాంసకృత్తులు ఇచ్చినవారిలో మరణాలు ఎక్కువ కాలేదు, పైగా వారు ఐసీయూ నుండి బయటపడే స్థితికి కొంత ముందుగా చేరుకున్నారు. 2018లో ప్రచురితమైన న్యూట్రీరియా-2 మరొకటి చూపింది: షాక్‌లో ఉన్న 2410 మందిలో, తొలినాళ్ళలోనే నాళం ద్వారా పూర్తి ఆహారం లక్ష్యంగా ఇచ్చినవారికి, నరం ద్వారా పోషణ పొందినవారికంటె వాంతులు, విరేచనాలు, ప్రేగులకు రక్తం అందని ఉపద్రవం ఎక్కువ. కారణం సులభగ్రాహ్యమే. షాక్‌లో దేహం ప్రేగుల రక్తాన్ని తగ్గించి గుండెకు, మెదడుకు మళ్ళిస్తుంది. ఆ స్థితిలో ప్రేగుల మీద జీర్ణభారం మోపడం అనుచితం.

"అట్లయితే మీరు ఐదు రోజులు ఆపినదానికి విచారమెందుకు?" అని ఆక్షేపించవచ్చు. ఆ పరిశోధనలు పోల్చినది కొద్దిగా ఇవ్వడాన్నీ పూర్తిగా ఇవ్వడాన్నీ. ఏమీ ఇవ్వకపోవడాన్ని కాదు. అందుచేతనే వైద్యమార్గదర్శకాలు స్థితి కుదుటపడిన రోగికి 24 నుండి 48 గంటలలోపు స్వల్పంగా ప్రారంభించి క్రమంగా పెంచమంటున్నాయి. గీత ధ్యానయోగంలో అతిగా తినేవానికీ బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని చెప్పి యుక్తాహారాన్ని విధించినది. ఫ్రెంచి పరిశోధన గీతను నిరూపించిందని నేను అనను. అటువంటి చౌకబారు గర్వం మనకు అక్కరలేదు. యుక్తమేదో నిర్ణయించేది భక్తుని ఆవేశం కాదు, రోగి స్థితి అని మాత్రమే అంటాను.

చివరి పూర్వపక్షం: తీయడం హత్యా?

ఇప్పుడు ఐదవ పక్షం. కోలుకొనే రోగికి నాళం అన్నమే. కాని జీవయాత్ర సహజంగా ముగుస్తున్నవానికి? జరావస్థలో మతి పూర్తిగా క్షీణించి, మంచానికే పరిమితమై, మ్రింగడం మరచిన వృద్ధునికి? అక్కడ ఆకలి లేక ప్రాణం పోవడం లేదు. ప్రాణం పోవడానికి సిద్ధపడినందున ఆకలి పోతున్నది. హేతువునూ కార్యాన్నీ తారుమారు చేయడమే ఈ పక్షంలోని దోషం. తీవ్రమైన మతిక్షయం గల వృద్ధులకు నాళం సిఫారసు చేయరాదనీ, ఓపికగా చేతితో తినిపించడమే మేలనీ అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2014లో స్పష్టం చేసింది. నాళం వల్ల వారి ఆయుర్దాయం పెరిగిన దాఖలా లేదు. పొలమారడం, న్యుమోనియా, పుండ్లు తప్పడం లేదు. నాళాన్ని పీకివేయకుండా చేతులు మంచానికి కట్టవలసి వస్తున్నది. తండ్రి చేతులు కట్టివేసి ముక్కులో పోసేదాన్ని పితృసేవ అనగలమా?

ఇక చట్టం. ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా షాన్‌బాగ్ 1973 నుండి 2015లో మరణించేవరకు అచేతనగా ఉన్నారు. అక్కడి నర్సులు మెత్తగా చేసిన ఆహారాన్ని ఏళ్ళ తరబడి నోటికి అందించి ఆమెను కాపాడుకొన్నారు. ఆమె పోషణను నిలిపివేయడానికి 2011లో సుప్రీంకోర్టు అనుమతించలేదు, ఆ నర్సుల సమ్మతి లేదన్నదానికి విలువనిచ్చింది. ఆ తీర్పులోనే, కఠిన నియమాలకు లోబడి, ఫలితం లేని జీవాధార చికిత్సను విరమించే మార్గాన్ని అంగీకరించింది. 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనం గౌరవప్రదమైన మరణాన్ని జీవనహక్కులో భాగంగా గుర్తించి, ముందస్తు వైద్యసంకల్పపత్రానికి చెల్లుబాటు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సరళం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ పొందితే చాలు. రోగి విషయంలో ఆసుపత్రి ప్రాథమిక, ద్వితీయ వైద్యమండలుల అభిప్రాయం తీసుకోవాలి.

సంకల్పం స్వయంకర్తృకమని పైన అన్నాను. ఆ సంకల్పానికి నేటి రూపం ఈ పత్రమే. ప్రాయోపవేశం గొప్పదని సభలో చెప్పేవారు, తమకు స్పృహ ఉన్నప్పుడే తమ కోరికను వ్రాసి పిల్లలకు ఇవ్వండి. అప్పుడు మీ మాటకు అర్థం ఉంటుంది. వ్రాయకుండా పోయి, ఐసీయూ ముందు అన్నదమ్ములు పోట్లాడుకొనేటట్లు చేయడం వైరాగ్యం కాదు.

భక్తులు చేయదగినవి

విమర్శించి ఊరుకొంటే ప్రయోజనం లేదు. కనుక కొన్ని మాటలు.

మొదటిది, స్పృహ లేని రోగి నోటిలో తులసితీర్థం పోయకండి. మ్రింగలేనివాని నోటిలో పోసిన ఉద్ధరిణెడు నీరు కూడ ఊపిరితిత్తులలోకి జారవచ్చు. భక్తితో ఇచ్చిన తీర్థం న్యుమోనియా కాకూడదు. నర్సు అనుమతితో తడి దూదితో పెదవులు అద్దవచ్చు. అవసానదశలో ఉన్నవారికి అదే గంగోదకం.

రెండవది, నాళంలోకి ప్రసాదం, పంచామృతం, విభూతి కలిపిన నీరు మీ అంతట మీరు పోయకండి. నాళం సరైన చోట ఉన్నదని ఎక్స్‌రే వంటి పరీక్షతో నిర్ధారించుకొన్న తరువాతే వైద్యులు వాడుతారు, తలవైపు ముప్పై నుండి నలభై ఐదు డిగ్రీలు ఎత్తి ఉంచుతారు, కలిపిన ఆహారాన్ని కొద్ది గంటలకు మించి వాడరు. ఈ శౌచం మన మడికి తీసిపోయేది కాదు. ఇంటి ఆహారం ఇవ్వదలిస్తే ముందు పోషకాహార నిపుణులను అడగండి.

మూడవది, వైద్యుని ఈ ప్రశ్నలడగండి: రక్తపోటు కుదుటపడిందా? ఆహారం ఎప్పుడు మొదలు, ఎంతతో మొదలు? ముందునుంచీ పోషణ తక్కువైన మనిషి అయితే ఫాస్ఫేట్, పొటాషియం చూస్తున్నారా? కోలుకొనే అవకాశం ఎంత? ఏ స్థితి వస్తే దీనిని పునరాలోచించాలి? చివరి రెండింటికీ జంకకండి. వాటిని అడగనివారే తరువాత ఐదవ పూర్వపక్షంలో చిక్కుకుంటారు.

నాలుగవది, నోరు మూసుకొన్నా చెవి తెరిచే ఉండవచ్చు. శంకరభగవత్పాదులు ఆహారశుద్ధిని వ్యాఖ్యానిస్తూ, ఇంద్రియాలు గ్రహించే శబ్దాదివిషయాలన్నీ ఆహారమేనన్నారు. రామానుజ సంప్రదాయం అక్కడ భోజ్యమైన అన్నాన్నే గ్రహించింది. రెండూ ఇక్కడ సమన్వయిస్తాయి. అన్నాన్ని నాళానికి వదలండి, శబ్దాన్ని మీరు అందించండి. మెల్లగా, ప్రక్కమంచానికి ఇబ్బంది లేకుండా, నామం చెప్పండి.

మా అమ్మ ఆ తరువాత ఆరేళ్ళు జీవించింది. మళ్ళీ మడి కట్టుకొన్నది, ఏకాదశులు మాత్రం మేము మాన్పించాము. తన చివరి కాలానికి ఏమి చేయాలో, ఏమి చేయకూడదో నోటుపుస్తకంలో ఒక పేజీ తానే వ్రాసి పెట్టింది. అవసానం వచ్చినప్పుడు ఆ పేజీ ప్రకారమే ఏ నాళమూ వేయలేదు. మొదటిసారి అన్నం ఆపినందుకు నాకు నేటికీ పశ్చాత్తాపం ఉన్నది. రెండవసారి ఆపినందుకు లేదు. రెండింటికీ భేదం తెలియనివారు దయచేసి ఆసుపత్రి వరండాలో ధర్మబోధ చేయకండి.

శుభం భూయాత్.